బొట్టు పెట్టి పిలిచాక

అశ్వారావుపేట,
జూలై 2002

చిరంజీవి సౌభాగ్యవతి నాగలతకి వదిన ప్రమీలారాణి దీవెనలు.

ఇక్కడ మేం కులాసా. నువ్వూ కులాసాగానే ఉండి ఉంటావు. లేకపోతే దుమ్ముగూడెంలో కరెంటు లేదు, నీళ్లు పడలేదు, ఈ నర్సు ఉద్యోగం ఎందుకు చేశానురా దేవుడా అంటూ ఈపాటికి నాలుగు పేజీలు వచ్చేవి.

నీకో శుభవార్త. ఆ మాట వినగానే నీ బుర్ర ఎటు పరిగెత్తిందో నాకు తెలుసు, అది కాదు. నేనొక పనిలో చేరాను. ఏం పని అని అడగకు. ఉత్తరాల్లో చెప్పకూడదట, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలట. నన్ను చేర్పించిన సత్తుపల్లి ఆవిడ అదే అంటుంది: "విషయం చెప్పి పిలిస్తే ఎవరూ రారండీ, పిలిచాకే విషయం చెప్పాలి." అయినా నువ్వు ఆడపడుచువి కాబట్టి కొంచెం చెబుతాను. బలానికి తాగే పొడి డబ్బాలు. మనం ఒకటి కొని చేరాలి, మన కింద ఇద్దరిని చేర్చాలి, ఒకరు కుడిచెయ్యి, ఒకరు ఎడమచెయ్యి అంటారు, వాళ్ల కింద మరో ఇద్దరు. వాళ్లు కొన్నప్పుడల్లా మనకి కమిషను. ఖమ్మంలో ఫంక్షన్ హాలు తీసుకుని మీటింగు పెట్టారు. కోటు వేసుకున్న కుర్రాడొకడు స్టేజీ ఎక్కి, నిరుడు సైకిలు తొక్కానని, ఇప్పుడు కారు నడుపుతున్నానని చెబుతుంటే చప్పట్లే చప్పట్లు. నేనైతే లేచి నిలబడి కొట్టాను.

మీ అన్నయ్య నవ్వుతున్నారు. పామాయిల్ మొక్కలు కాపుకొచ్చేదాకా ఓపిక పట్టమంటారు. ఎంత కాలం పట్టను? జాకెట్టు గుడ్డ కొనాలన్నా ఆయన చొక్కా జేబు వైపు చూడాలి. నీకు జీతం ఉంది, నీకది తెలియదు.

ఇంకో సంగతి. మిగతావాళ్లు మనుషుల్ని మీటింగుకి తేలేక చస్తుంటే, నేను వీధి వీధంతా తెచ్చాను. ఎలాగంటావా? కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలిచాను. బొట్టు పెట్టించుకున్న ఆడది రానని ఎలా అంటుంది? సత్తుపల్లి ఆవిడ నా తెలివి చూసి నోరెళ్లబెట్టింది.

నా కుడిచెయ్యి నువ్వే అని రాయించేశాను. శ్రావణంలో వస్తున్నాను.

మీ వదిన,
ప్రమీల


దుమ్ముగూడెం,
జూలై 2002

వదినకి నాగలత నమస్కారాలు.

ఊరక రారు మహానుభావులు అన్నట్టు, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గోదావరి దాటి మా ఇంటికి రాని మహాతల్లి వస్తానంటే ఏమిటా అనుకున్నాను. కుడిచెయ్యి కోసమన్నమాట.

కోప్పడకుండా విను. మా ఆయన మణుగూరు గనుల్లో పనిచేస్తూ ఆదివారాలు మాత్రం వచ్చే మనిషి. కిందటి వారం ఆయనకి చెబితే ఒకటే అడిగారు: ఊరందరూ చేరిపోయాక, ఆఖరున చేరినవాడు ఎవరిని చేర్చాలి? కోటు కుర్రాడిని అడిగి చెప్పు. చెప్పేవాడికి వినేవాడు లోకువ వదినా. అంత బలమిచ్చే పొడి అయితే కొట్లో పెట్టి అమ్మరా?

ఆ బొట్టు సంగతి నాకు అసలు నచ్చలేదు. అదేమన్నా నోమా, పేరంటమా? వచ్చినవాళ్లు వాయనం ఇస్తావనుకుని వచ్చి ఉంటారు, డబ్బా చేతిలో పెట్టావు.

నేను చేరను. గవర్నమెంటు ఉద్యోగం, పైవాళ్లకి తెలిస్తే ఊరుకోరు. అలాగని రావద్దని అనడం లేదు. రా. వచ్చేటప్పుడు మీ పెరటి నిమ్మకాయ పచ్చడి తీసుకురా, డబ్బాలు తేకు.

మరదలు,
నాగలత


అశ్వారావుపేట,
ఆగస్టు 2002

నాగలతా,

నువ్వు చేరకపోతే చేరకపోయావు, నాకేం కోపం లేదు. నువ్వు చేసిన మేలు అంతకంటే పెద్దది. మీ ఇంట్లో ఉన్న రెండు రోజులూ నీ ప్రాణం తోడేస్తుంటే, చివరికి విసుగొచ్చి, "నన్ను వదిలెయ్ వదినా, కావాలంటే మా కన్నమ్మని అడుగు, వాగవతలి గూడెం అంతా దాని చుట్టాలే" అన్నావే, ఆ మాట బంగారం. నువ్వనకపోతే నువ్వు పనిచేసే సబ్‌సెంటర్ ఊడ్చే మనిషి నా కంటికి ఆనేదా?

దాని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి నేను బొట్టు పెట్టినప్పుడు దాని మొహం నువ్వు చూడాల్సింది. చెయ్యి నుదుటి దాకా తీసుకెళ్లి, చెరిగిపోతుందేమోనని ముట్టుకోకుండా అలాగే నిలబడింది. ఖమ్మం మీటింగుకి అందరికంటే ముందే వచ్చి ముందు వరసలో కూర్చుంది. కొత్త చీర. అక్కడ చెప్పింది సగం అర్థమైందో లేదో, చప్పట్లు మాత్రం బాగా కొట్టింది. ఉన్న మేకలు అమ్మి చేరింది. నేనేం బలవంతం చేయలేదు.

నా ఎడమచెయ్యి దొరికింది. కుడిచెయ్యి ఖాళీగానే ఉంది, ఆలోచించుకో.

మీ వదిన


దుమ్ముగూడెం,
అక్టోబర్ 2002

వదినకి,

నీ ఎడమచెయ్యి బాగా పనిచేస్తోంది. ఎంత బాగా అంటే నాకు భయంగా ఉంది.

కన్నమ్మ ఉదయం ఊడ్చేసి, నీళ్లు పట్టేసి, కుంకుమ పొట్లం కొంగున కట్టుకుని గూడేలకి బయలుదేరుతోంది. అక్కడా నీలాగే ఇంటింటికీ బొట్టు పెట్టి పిలుస్తోంది. ఒకరోజు ఆపి అడిగాను, ఎందుకే నీకిదంతా అని. ఏమందో వింటావా?

"మా గూడెంల పిలుపంటె నోటి మాటనే నర్సమ్మా. గీ ఊళ్లె పెద్దోళ్ల ఇండ్లల్ల పెండ్లయితే నన్ను గిన్నెలు తోమ రమ్మంటరు గని, బొట్టు పెట్టి పిలిసినోళ్లు లేరు. మీ వదినమ్మ పిలిసింది. గట్ల పిలిసినంక పోకుంటె ఎట్ల? మా ఆడోళ్లు గుడ గంతే, బొట్టు పెడితె మురిసిపోతున్రు."

తర్వాత ఇంకో మాట అడిగింది. "మీ వదినమ్మకు నేనెట్ల ఎరుకైన్నో. ఎవలు చెప్పిన్రో నా పేరు." నేను టీకాల డబ్బాలో ఐసు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

దానికంటే పెద్దది ఇంకోటి జరిగింది. గూడెం ఆడవాళ్లు చంటిపిల్లల్ని తీసుకుని వచ్చినప్పుడు అడుగుతున్నారు, "నర్సమ్మా, గీ డబ్బా సర్కారుదేనా? దవాఖానా కన్నమ్మ ఇస్తున్నదాయె." నాకు తెలియదు, కన్నమ్మనే అడగండి అన్నాను. తెలియదన్నాను వదినా. నాకు తెలుసు. కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే కన్నమ్మ నా మొహం చూస్తుంది, ఆ తర్వాత నేను దాని మొహం చూడాలి.

ఇకనైనా దాన్ని ఆపు. నీ మాట వింటుంది.

నాగలత


అశ్వారావుపేట,
డిసెంబర్ 2002

నాగలతా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. రాద్దామని కూర్చునేదాన్ని, లేచేదాన్ని.

ఇక్కడ కొత్తగా ఎవరూ చేరడం లేదు. చేరినవాళ్లు కమిషను ఏదని అడుగుతున్నారు. ఖమ్మం ఆఫీసుకి ఫోను చేస్తే లైనులో ఉండమంటారు, తర్వాత ఎవరూ పలకరు. సత్తుపల్లి ఆవిడ పుట్టింటికి వెళ్లిందట, ఎప్పుడొస్తుందో తెలియదట. మంచం కింద డబ్బాలు పేరుకుపోయాయి. మీ అన్నయ్య రోజంతా తోటలోనే ఉంటున్నారు. తిట్టినా బాగుండేది.

మొన్న ఎదురింటి వాళ్ల కోడలి సీమంతానికి వెళ్లాను. పిలవలేదు, పిలవడం మర్చిపోయారనుకుని నేనే వెళ్లాను. గుమ్మంలో నిలబడి అలవాటు కొద్దీ కుంకుమ తీసి పక్కావిడకి పెట్టబోయాను. ఆవిడ కొంగు నుదుటి మీదకి లాక్కుంది. నవ్వుతూనే లాక్కుంది. తర్వాత ఆ వరసలో ఉన్నవాళ్లందరూ లాక్కున్నారు.

ఆపమన్నావు. ఇప్పుడు ఆపితే కన్నమ్మ పెట్టినదంతా పోతుంది, నాదీ పోతుంది. కొంచెం ఓపిక పట్టమని చెప్పు. సంక్రాంతి దాటితే అంతా సర్దుకుంటుందట. ఎవరన్నారని అడగకు.

ప్రమీల


దుమ్ముగూడెం,
ఫిబ్రవరి 2003

వదినకి,

ఏమీ సర్దుకోలేదు. కన్నమ్మ గూడెం ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఖమ్మం వెళ్లింది. ఆఫీసుకి తాళం. కింద టీ కొట్టు అతను, బోర్డు కూడా పీక్కుపోయారమ్మా అన్నాడట. వాళ్లు ఆ మెట్ల మీదే సాయంత్రం బస్సు దాకా కూర్చుని తిరిగొచ్చారు. దారి పొడుగునా ఒక్కరూ కన్నమ్మతో మాట్లాడలేదట.

ఇప్పుడసలు సంగతి విను. దాని కూతురు యశోదకి సంబంధం కుదిరింది. పిల్లవాడు మంచివాడు, చర్ల వైపు. ఏప్రిల్లో పెళ్లి. వాళ్ల గూడెంలో పెళ్లంటే ఎవరింట్లో వాళ్లు చేసుకునేది కాదు. ఇంటికొక పచ్చి గుంజ తెచ్చి పాతితేనే పందిరి లేస్తుంది. డబ్బు పెట్టి ఆ పందిరి వేయించుకోవడానికి లేదు, వేయించుకుంటే ఆ పిల్ల దిక్కులేని పిల్ల కింద లెక్క. గూడెం రాకపోతే మగపెళ్లివారు వెనక్కి తిరిగినా తిరుగుతారని కన్నమ్మ భయం.

పెళ్లికి పిలవడానికి నిన్న వాగు దాటి వెళ్లింది. మొదటి ఇంట్లోనే, దాని సొంత చిన్నమ్మ కూతురు, చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా అడిగిందట, "పెండ్లికా, మీటింగుకా?"

అంతే. మిగతా ఇళ్లకి వెళ్లకుండా వచ్చేసింది. ఇవాళ సబ్‌సెంటర్‌లో ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తోంది.

నీ డబ్బాలు, నీ కమిషన్లు, నీ చప్పట్లు. నిన్ను ఎవరు రమ్మన్నారు వదినా గోదావరి దాటి? మీ వీధిలో నీ పరువు పోయింది, అది నువ్వు చేసుకున్నది. ఆ మనిషి ఏం చేసిందని?

నాగలత


అశ్వారావుపేట,
మార్చి 2003

నాగలతా,

నువ్వు రాసిన ప్రతి మాటా నిజమే. నాలుగుసార్లు చదువుకున్నాను.

అయితే ఒక్కటి మాత్రం అడుగుతాను, పెద్దదాన్ని కాబట్టి అడుగుతాను. కన్నమ్మ పేరు నాకు ఎవరు చెప్పారు? ఆ రోజు దాని ఇంటికి బయలుదేరుతూ, నా భరిణె సంచిలో అడుగున ఎక్కడో ఉండిపోయిందని నేను వెతుక్కుంటుంటే, లోపలికి వెళ్లి దేవుడి గూట్లోంచి భరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది ఎవరు? "బొట్టు పెట్టు వదినా, కాదనదు" అన్నది ఎవరు? నవ్వుతూనే అన్నావు. నన్ను త్వరగా వదిలించుకోవాలని అన్నావు. నాకప్పుడే తెలుసు. తెలిసీ నా అవసరం కొద్దీ తీసుకున్నాను.

నేను నమ్మి ముంచాను. నువ్వు నమ్మకుండానే ముంచావు. ఏది ఎక్కువ తప్పో నాకు తేలడం లేదు, నిద్ర పట్టనప్పుడు ఇదే ఆలోచన.

నిన్ను పొడవడానికి రాయలేదమ్మా. నాకు ఇంకెవరితో చెప్పుకోవాలో తెలియలేదు. కన్నమ్మ నన్ను తిడుతోందా? తిడితే తిట్టనీ. నా గాజులు రెండు తీసి ఇస్తే మేకలైనా వస్తాయేమో కనుక్కో.

ప్రమీల


దుమ్ముగూడెం,
ఏప్రిల్ ఆఖరు, 2003

వదినకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ తర్వాత నాలుగు రోజులు నీ మీద కోపంతో తిరిగాను. ఆ కోపం ఎందుకో తెలిశాక రాయడానికి మొహం చెల్లలేదు.

కన్నమ్మకి చెప్పాను. ఇప్పపూలు రాలే రోజులు, తెల్లవారకముందే అడవికి వెళ్లి ఏరుకుని, గంప దించి పనిలోకి వచ్చింది. టీ ఇచ్చి చెప్పాను. మా వదినకి నీ పేరు చెప్పింది నేనే, భరిణె ఇచ్చింది నేనే, ఆ పొడి ఉత్తదని నాకు మొదటి నుంచీ తెలుసు అని. అది టీ తాగలేదు. గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టించుకోవడానికి సిద్ధపడి కూర్చున్నదాన్ని, ఆ చల్లారిపోయిన టీ చూస్తే ఏడుపొచ్చింది.

మర్నాడు దాని వెంట గూడేనికి వెళ్లాను. వద్దనలేదు, రమ్మనలేదు. ప్రతి ఇంటి ముందూ నిలబడి, డబ్బా సర్కారుదా అని మీరు అడిగినప్పుడు కాదని చెప్పకపోవడం నా తప్పు అని చెప్పాను. ఒక ముసలాయన నా మాటంతా విని, "మరి గప్పుడు నోట్ల ఏమున్నదమ్మా?" అన్నాడు.

నీ గాజుల సంగతి చెబితే, "ఆమె గాజులు తీస్తె నా మేకలు నడిసొస్తయా?" అన్నది. నిన్ను ఒక్క మాట అనలేదు. పైగా పెళ్లికి నిన్ను పిలవాలన్నది. నేను ఉత్తరం రాస్తానులే అంటే ఒప్పుకోలేదు. "ఆమె ఇల్లు వెతుక్కొని వచ్చి బొట్టు పెట్టి పిలిసింది. ఎందుకు పిలిసిందో ఆమె ఎరుక. పిలుపుకు పిలుపు ఇయ్యకుంటె నాదే తక్కువైతది." బస్సెక్కి మీ ఊరొచ్చింది. తిరిగొచ్చాక ఎట్లా ఉంది మా వదిన అని అడిగితే, "పిలిసొచ్చిన" అని మాత్రం అన్నది.

పెళ్లి అయింది. సగం ఇళ్ల వాళ్లే గుంజలు తెచ్చారు. పందిరి ఒక పక్క కురచగా నిలబడింది, మగపెళ్లివాళ్లలో కొందరు ఎండలోనే కూర్చున్నారు. ఎవరూ వెనక్కి తిరగలేదు, అంతవరకు మేలు. బియ్యం చెరుగుతూ ఆ మాటన్న చెల్లెలు ఆఖరు నిమిషంలో ఒక గుంజ తెచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా పాతి వెళ్లిపోయింది.

రోడ్డు మీద ఆటో ఆగిన ప్రతిసారీ కన్నమ్మ తల తిప్పి చూసింది. నువ్వు రాలేదు.

ఎందుకు రాలేదు వదినా? నువ్వు ఒక్కసారి ఆ పందిట్లో కూర్చుని ఉంటే, పిలిచింది నిజంగా పెళ్లికేనని గూడెమంతా చూసేది.

నాగలత


అశ్వారావుపేట,
మే 2003

నాగలతకి,

ఎందుకు రాలేదో రాస్తున్నాను. చదివి చింపెయ్యి. చింపకపోయినా ఫరవాలేదు.

కన్నమ్మ మా గేటు తీసుకుని వస్తుంటే కిటికీలోంచి చూశాను. మిట్టమధ్యాహ్నం, చేతిలో చిన్న మూట. మేకల డబ్బు అడగడానికి వచ్చిందనుకున్నాను. వెనకాల గూడెం అంతా వస్తోందేమోనని కూడా చూశాను. లోపలి గదిలోకి పోయి మీ అన్నయ్యతో లేనని చెప్పమన్నాను. ఆయన నా కోసం ఏనాడూ అబద్ధమాడని మనిషి. నా మొహం చూసి బయటికి వెళ్లి, లేదమ్మా అన్నారు.

"వచ్చేదాక కూసుంట అయ్యా" అంది.

కూర్చుంది. ఫ్యాను చప్పుడైతే లోపల మనిషి ఉన్నట్టు తెలుస్తుందని ఫ్యాను కట్టేసి నేల మీద కూర్చున్నాను. చెమటకి జాకెట్టు తడిసిపోయింది. మీ అన్నయ్య మంచినీళ్లిచ్చారు, అన్నం తినమన్నారు. తినలేదు. ఆయన అక్కడ ఉండలేక తోటలోకి వెళ్లబోతే, బస్సు వేళవుతోందని లేచింది.

"మొగోళ్లకు బొట్టు పెట్టి పిలువరాదు గద అయ్యా. గడపకు పెట్టి పోత" అంది.

మన వైపు తాళం వేసి ఉన్న ఇంటికి అలా చేస్తాం. అది దానికెవరు చెప్పారో తెలియదు. వంగి కూర్చుని మా గడపకి కుంకుమ పెట్టింది. తలుపు సందులోంచి దాని వేళ్లు కనిపించాయి నాకు. పెట్టి, లేచి, కొంచెం గొంతు పెంచి అంది:

"అమ్మా, భయపడకుండ్రి. పెండ్లికే పిలుస్తున్న. మా యశోద పెండ్లి. మీరు రావాలె."

ఆ మాట అన్నది మీ అన్నయ్యతో కాదు.

పెళ్లి రోజు ఉదయమే స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, చదివింపులకి చీర సంచిలో పెట్టుకుని బయలుదేరాను. వీధి తలుపు దాకా వచ్చాను. గడప మీద బొట్టు ఎండిపోయి అలాగే ఉంది. దాన్ని దాటి కాలు బయట పెట్టలేకపోయాను నాగలతా. ఏ మొహంతో దాటను? లోపలికొచ్చి చీర మార్చేసుకున్నాను.

ఇవాళ్టికీ అది అక్కడే ఉంది. తుడవడానికి చెయ్యి రావడం లేదు. నేనూ మీ అన్నయ్యా పెరటి గుమ్మంలోంచే వచ్చిపోతున్నాం.

ప్రమీల